గాజు మీద గీత

ఆయన్ని సొంత పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. ఒక్కగీత మాస్టరు అంటే చాలు, దుకాణం ఎక్కడో, మనిషి ఎలా ఉంటాడో, ఎంత ముక్కోపో కూడా కలిపి చెప్పేవాళ్ళు. పెద్ద చెప్పుల షాపు పక్కనున్న సందులో, మెట్లు దిగి వెళ్ళాల్సిన దర్జీ దుకాణంలో ఆయన కటింగ్ మాస్టరు. కోట్లు ఆయన ప్రత్యేకం. చొక్కా ఎవడైనా కోస్తాడు, కోటు కోసేవాడే మాస్టరు అని ఆయన అభిప్రాయం, ఆ అభిప్రాయం అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు.

మిగతా మాస్టర్లు బట్ట మీద సుద్దతో గీస్తారు, నచ్చకపోతే బ్రష్షుతో దులిపి మళ్ళీ గీస్తారు. కొందరు ముందు కాగితం మీద గీసి, కత్తిరించి, ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి చుట్టూ గీసుకుంటారు. మన మాస్టరుకు ఈ రెండూ గిట్టవు. బట్టను బల్ల మీద పరిచి, అరచేత్తో ఒక్కసారి నిమిరి, సుద్దముక్క పట్టుకుని ఊపిరి బిగపట్టేవాడు. గీత గీసేసి, పైన లేచిన పొడిని ఉఫ్‌మని ఊదేవాడు. పొడి పోగానే కింద సన్నటి గీత, దారం పరిచినట్టు, తేటగా కనబడేది. మళ్ళీ దాని జోలికి వెళ్ళేవాడు కాదు. ఒక గీతను రెండోసారి గీయడం ఆయనకు ఉమ్మిన ముద్ద మళ్ళీ తినడం లాంటిది.

పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆయన నేర్పింది చేతివాటం కాదు, వరస. ముందు వీపు నడిమి గీత. ఆ తర్వాత భుజం. భుజం అయ్యాకే చంక గుండ్రం. పక్క గీత ఆఖరున. ఎవడైనా చంక ముందు గీశాడా, స్కేలుబద్దతో వేళ్ళ మీద ఒక్కటి పడేది. "వరస పట్టుకోరా ముందు! గీత సంగతి అదే చూసుకుంటుంది!" అని అరిచేవాడు. ఆ అరుపు మెట్ల పైన చెప్పుల షాపు వరకూ వినబడేది. అలా దెబ్బలు తిన్నవాళ్ళలో ఒకడు చివరిదాకా నిలబడి అదే దుకాణంలో రెండో కటింగ్ మాస్టరయ్యాడు. ఎంత కొట్టినా వాడు కాగితం అలవాటు మానలేదు కాబట్టి వాడికి కాగితాల మాస్టరని పేరు పెట్టింది కూడా ఈయనే.

ఇలాంటి మనిషికి కుడిచెయ్యి పడిపోయింది. పొద్దున్నే దుకాణం తెరిచి, మొదటి బట్ట పరిచి, సుద్ద పట్టుకున్నాడు. సుద్ద జారి కింద పడింది. వంగి తీద్దామనుకున్నవాడు అలాగే కింద కూలబడ్డాడు. పక్షవాతం అన్నారు. మూతి వంకర కొన్నాళ్ళకు సర్దుకుంది. కాలు ఈడుస్తూ ఈడుస్తూ దారిలో పడింది. చెయ్యి మాత్రం మొండికేసింది. పిడికిలి బిగించగలడు, విప్పగలడు, అంతే. వేళ్ళు దేనికవి, ఒకదాని మాట ఇంకొకటి వినదు.

దుకాణం యజమాని చూడటానికి వచ్చాడు. కుర్రవాడేమీ కాదు గానీ, తండ్రి కాలంలో బల్ల కింద దారపు ఉండలతో ఆడుకున్నవాడు కనుక మాస్టరు అతన్ని ఇంకా "బాబూ" అనే అంటాడు.

"ఆ బల్ల ఎప్పటికీ మీదే మాస్టారూ. ఎవర్నీ నిలబెట్టను దాని దగ్గర" అన్నాడు యజమాని. "చలికాలం కోట్ల ఆర్డర్లు మొదలయ్యేలోపు వచ్చేయండి. అప్పటిదాకా వాడు తన బల్ల మీదే ఎలాగో నెట్టుకొస్తాడు."

"ఎవడు? కాగితాలవాడా? కోటు వాడి చేతిలో పెడితే గోనెసంచి అవుతుంది బాబూ!"

"అందుకేగా రమ్మనేది."

"మరి చలికాలానికి కూడా రాలేకపోతే?"

యజమాని లేచి చెప్పులు వేసుకున్నాడు. "వస్తారు లెండి. చెయ్యి వస్తుంది" అన్నాడు.

మాస్టరు పట్టుకున్నది ఆ మాటనే. చలికాలంలోపు చెయ్యి రావాలి. వస్తే బల్ల ఉంటుంది. రాకపోతే ఆ బల్ల ముందు ఇంకొకడు నిలబడతాడు, తను ఇంట్లో కూర్చుని వీధిలో పోయేవాళ్ళ వీపుల మీద కోటు ముడతలు చూసుకోవాలి. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమనేది. నొక్కుతూ "వస్తుందా అమ్మా?" అనేవాడు. "వస్తుందండీ, వస్తుంది, ప్రయత్నం మానకూడదు" అనేది. ఇంట్లో అడిగినా అదే మాట. వస్తుంది. వీధిలో వాళ్ళు కూడా పలకరించి అదే చెప్పి పోయేవారు. నన్నడిగితే, మనుషులు ఎదుటివాణ్ణి వదిలించుకుని త్వరగా వెళ్ళిపోవాలనుకున్నప్పుడు చెప్పే మాట అది.

బంతి నొక్కడం ఆయనకు చచ్చేంత చిరాకు. "పాలిచ్చే పొదుగా ఇది పిండటానికి" అని గోడకేసి కొట్టేవాడు. భార్య మంచం కింద నుంచి తీసి మళ్ళీ చేతిలో పెట్టేది.

ఆ రోజుల్లోనే కూతురి ఫోను ఆయన కంటపడింది. కూతురు యంత్రాల విడిభాగాల గోదాములో పని చేస్తుంది. అక్కడికొచ్చే పెట్టెల మీదంతా జపాను రాత. ఆ రాత చదవగలిగితే పెట్టెలు మోయించే పని తప్పి, లోపల ఆఫీసు గదిలో కుర్చీ దొరుకుతుందని ఆశ. అందుకని ఫోనులో ఒక యాప్ వేసుకుని, తింటూ, కూర్చుంటూ, చూపుడువేలితో గీకుతూ ఉండేది.

"ఏంటే అది? ఎప్పుడు చూసినా గజ్జి పట్టినట్టు ఫోను గోకుతుంటావు?"

"కంజి నాన్నా. జపాను వాళ్ళ అక్షరాలు."

"గంజి కావాలంటే నన్నడగొచ్చుగా, దానికి ఫోనెందుకు?" అంది తల్లి వంటింట్లోంచి.

కూతురు నవ్వి, మంచం మీద తండ్రి పక్కన కూర్చుంది. "ఇది చూడు నాన్నా. పది అని అర్థం. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. కానీ అడ్డగీతే ముందు గీయాలి. నిలువుగీత ముందు గీస్తే ఒప్పుకోదు."

"ఒప్పుకోదా? చివరికి వచ్చే బొమ్మ ఒకటేగా?"

"బొమ్మ ఒకటే. అయినా వరస తప్పితే తప్పే. ఇదిగో ఇది నోరు. చూడటానికి చిన్న పెట్టెలా ఉంది కదా? ముందు ఎడమ పక్క నిలువు. తర్వాత పైన అడ్డంగా వెళ్ళి, వేలు ఎత్తకుండా కుడిపక్కన కిందికి. అడుగు మూసేది ఆఖరున. లోపల ఇంకేమైనా ఉంటే అవన్నీ అయ్యాకే మూత."

మాస్టరు దిండుకు ఆనుకున్నవాడు నిటారుగా లేచి కూర్చున్నాడు. మనిషి మొహం అప్పటిదాకా ఆరిన పొయ్యిలా ఉంది, ఒక్కసారి వేడెక్కింది. పై నుంచి కిందికి. ఎడమ నుంచి కుడికి. చుట్టుగోడ ముందు, లోపలి సామాను తర్వాత, తలుపు ఆఖరున. తను జీవితమంతా గొంతు చించుకున్నది ఇదే కదా! ఎక్కడో సముద్రాల అవతల ఒక జాతి జాతంతా తన మాట వింటోంది.

"బుద్ధిమంతులే వీళ్ళు" అన్నాడు. "ఇలా ఇవ్వు."

కూతురు మొదట ఆయన కుడి మణికట్టు పట్టుకుని సాయం చేసింది. చూపుడువేలు ఫోను గాజు మీద బరువుగా పాకింది. అడ్డగీత. టింగుమని చిన్న చప్పుడైంది. వేలు ఎత్తి చూస్తే నల్లగా, నిండుగా, తిన్నటి గీత. తర్వాత నిలువుగీత. మళ్ళీ టింగు. తెర మూలలోంచి ఒక నక్క బొమ్మ వచ్చి చప్పట్లు కొట్టింది.

"ఏమే! ఇలా రా! చూడు!" అని వంటింటి వైపు కేకేశాడు. "నేను గీశాను! ఈ చేత్తో!"

భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఆయన నవ్వుతున్నాడు. పడిపోయిన తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు.

కూతురు కొత్త ఫోను కొనుక్కుని, మూల పగిలిన పాతది ఆయనకే వదిలేసింది. ఇక బంతి మంచం కిందే ఉండిపోయింది. పొద్దున కాఫీ తాగడం ఆలస్యం, ఫోను ముందేసుకునేవాడు. నది అంటే మూడు నిలువుగీతలు, ఎడమ నుంచి వరసగా. చెట్టు, కొండ, చెయ్యి. అర్థాలు ఆయనకు అక్కర్లేదు, చాలావాటివి మర్చిపోయేవాడు కూడా. వరస మాత్రం ఒకసారి చూస్తే చాలు, పట్టేసేవాడు. కూతురు తడబడి తప్పు గీస్తే పక్కనుంచి "ఛీ, మూత ముందేస్తావేంటే?" అని కసిరేవాడు. బట్ట అనే అక్షరం ఉందని తెలిశాక దాన్ని వదల్లేదు. పైన ఒక చుక్క, దాని కింద అడ్డగీత, ఆ తర్వాత రెండు పక్కలకూ జారే గీతలు. "ఇదిగో మెడ, ఇవి భుజాలు, ఇది కోటు అంచు" అని భార్యకు చూపించేవాడు. ఆవిడకు అందులో మెడా కనబడలేదు, భుజాలూ కనబడలేదు. అయినా ఊఁ కొట్టేది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పేయాలి, ఎందుకంటే మాస్టరుకు అప్పటికి తెలియదు. ఆ యాప్ చూసేది వరసనే, చేతిని కాదు. వేలు ఎక్కడ మొదలైంది, ఏ వైపు వెళ్ళింది, ఇంచుమించు ఎక్కడ ఆగింది, అంతే దానికి కావాలి. మధ్యలో మీరు పాములా మెలికలు తిరిగినా పట్టించుకోదు. వేలు ఎత్తగానే మీ గీతను మింగేసి, దాని స్థానంలో తన దగ్గరున్న చక్కటి గీత పెట్టేస్తుంది. నేర్చుకునేవాళ్ళు అధైర్యపడకుండా అలా చేశారు. తప్పేమీ లేదు. కూతురిలాంటి వాళ్ళకు అదే మంచిది.

మాస్టరుకు కళ్ళు లేవా, వంకర కనబడలేదా అంటారేమో. కనబడింది. వేలి కింద గీత వణుకుతూ రావడం ఆయన చూశాడు. కానీ ఆయన జన్మంతా సుద్దతో గీసినవాడు. సుద్దగీత గీసినప్పుడు మందంగా, అంచులు చెదిరి, పొడి పొడిగా ఉంటుంది. ఊదితేనే అసలు గీత బయటపడుతుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. పైన కనబడే వణుకు పొడి. తేటపడ్డాక మిగిలిందే తన గీత. అలా అనుకోవడం ఒక్కగీత మాస్టరుకే చెల్లింది. ఇంకెవరైనా అయితే ఫోను చేసిన గారడీ అనేవాళ్ళు.

కూతురికి మొదట్లోనే అనుమానం వచ్చింది. ఒకరోజు తల్లి గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మా, ఆ గీతలు నాన్నవి కాదు. అదే సరిచేస్తుంది. నాన్న తన చెయ్యే బాగవుతోందనుకుంటున్నాడు. చెప్పేద్దామా?"

"చెప్పి ఏం ఊడబొడుస్తావు? ఇన్నాళ్ళకి మనిషి మొహంలో కళొచ్చింది. పొద్దున లేస్తూనే చావు మాటలు మాట్లాడటం మానేశాడు. నోరు మూసుకుని ఊరుకో."

"రేపు నిజంగా దుకాణానికి వెళ్తానంటే?"

"అప్పుడు చూద్దాం."

ఆవిడకు కూతురి కంటే ముందే తెలుసు. రోజూ ఆయన చొక్కా గుండీలు పెట్టేది ఆవిడే మరి. ఆ చూపుడువేలు, బొటనవేలు ఒక గుండీని పట్టుకోలేక ఎలా జారిపోతాయో ఆవిడ కంటే దగ్గరగా చూసినవాళ్ళు లేరు. ఒకసారి ఆ మాట నోటిదాకా వచ్చి, "గుండీ ఒకటి మీరే పెట్టుకుని చూడండి" అంది. ఆయన ప్రయత్నించి, రాక, ఆవిడ మీదే విరుచుకుపడ్డాడు. "గుండీ వేరు, గీత వేరు! గుండీ పెట్టుకోవడానికి పుట్టానా నేను?" ఆవిడ మిగతా గుండీలు పెట్టేసింది. భయం ఆవిడకు. నిజం చెబితే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడని భయం. ఆ వీపును చూస్తూ ఇంటిపని చేసుకోవడం ఆవిడ ఒకసారి అనుభవించింది, ఇంకోసారి తన వల్ల కాదు.

ఎండలు తగ్గి సాయంత్రాలు చల్లబడ్డాయి. యాప్‌లో నక్క రోజూ చప్పట్లు కొడుతూనే ఉంది. ఎంత కష్టమైన అక్షరం వచ్చినా మాస్టరు తప్పని ఒక్క ఎర్రగుర్తు పడకుండా గీసేస్తున్నాడు. ఒక సాయంత్రం ఫోను పక్కన పెట్టి, "బాబుకు కబురు చెయ్యి. రేపు వస్తున్నానని. గడియారాలాయన్ని కూడా రమ్మను" అన్నాడు కూతురితో.

గడియారాలాయన అంటే సందు చివర గడియారాలు బాగుచేసే మనిషి. జీవితమంతా ఒకపక్కకు వంగి పనిచేసి ఎడమ భుజం కిందికి జారిపోయింది. ఆ భుజానికి కోటు కోయడం మాటలు కాదు. రెండు పక్కలా ఒకేలా కోస్తే మనిషి కూలుతున్న గోడలా కనబడతాడు. ఎంత తేడా పెట్టాలో, ఎక్కడ పెడితే కంటికి తెలియదో మాస్టరు వేళ్ళకే తెలుసు. మూతపడిన ఏదో మిల్లు బట్ట, బూడిదరంగు ఉన్ని, గడియారాలాయన ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నాడు. మాస్టరు పడిపోయినప్పుడు దాన్ని కాగితాల మాస్టరుకు ఇమ్మంటే ససేమిరా అన్నాడు. "ఆయన లేచాకే. పోయేలోపు ఒక్క మంచి కోటు వేసుకోవాలి, అది ఆయన చేతిదే కావాలి" అన్నాడట.

కూతురు తల్లి మొహం చూసింది. తల్లి తల దించుకుంది. ఆ రాత్రి గానీ, మర్నాడు పొద్దున గానీ ఆవిడ నోరు మెదపలేదు. చొక్కా గుండీలు పెట్టి, మెడ దగ్గర సర్ది పంపింది. కూతురు దుకాణం మెట్ల దాకా తోడు వచ్చి, ఏదో చెప్పబోయి, "జాగ్రత్త నాన్నా" అని మాత్రం అనగలిగింది.

దుకాణంలో ఆయన్ని చూసి మిషన్లన్నీ ఆగాయి. కుట్టేవాళ్ళు లేచి నిలబడ్డారు. యజమాని ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బల్ల తుడిచి పెట్టి ఉంది, నిజంగానే ఎవరూ వాడలేదు. గడియారాలాయన అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు, బట్ట ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా.

"మాస్టారూ, ముందు లైనింగు గుడ్డ మీద ఒకసారి చెయ్యాడిద్దామా?" అన్నాడు యజమాని మెల్లగా.

"నేనెప్పుడు చెయ్యాడించాను బాబూ? నాన్నగారినడుగు, పైలోకంలో ఉన్నారు" అని మాస్టరు నవ్వాడు. అందరూ నవ్వారు. ఒక్క కాగితాల మాస్టరు నవ్వలేదు. వాడి చూపంతా ఆయన కుడిచేతి మీదే ఉంది.

బట్ట పరిచారు. మాస్టరు అరచేత్తో నిమిరాడు. ఆ మెత్తదనం తగలగానే ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళయింది! కొలతలు కాగితాల మాస్టరు చదివాడు. సుద్ద వేళ్ళ మధ్య ఇమడలేదు, జారింది. పిడికిట్లో ఇరికించుకున్నాడు. ముందు వీపు నడిమి గీత. పై నుంచి కిందికి. ఊపిరి బిగపట్టి లాగాడు.

గీత అయిపోయింది. ఆయన చెయ్యి ఎత్తి, ఉఫ్‌మని ఊదాడు.

పొడి ఎగిరిపోయింది. కింద గీత వంకర్లు తిరిగి ఉంది. మధ్యలో ఒకచోట పక్కకు పోయి, మళ్ళీ తిరిగొచ్చింది. ఆయన ఇంకా చెయ్యి పైకెత్తే ఉంచి, చూస్తూ నిలబడ్డాడు. గీత తిన్నబడాలి. ఇప్పుడు తిన్నబడాలి. వరస సరిగ్గానే ఉంది, మొదలుపెట్టాల్సిన చోటే మొదలుపెట్టాడు, ఆపాల్సిన చోటే ఆపాడు. ఆయన మళ్ళీ ఊదాడు. బట్ట కదల్లేదు, గీత కదల్లేదు. ఎవరికీ అర్థం కాలేదు ఆయన దేనికోసం ఆగాడో. ఎక్కడో ఒక మూల నుంచి టింగుమనే చప్పుడు కోసం ఆయన చెవులు రిక్కించి ఉన్నాయని ఎవరనుకుంటారు?

కాగితాల మాస్టరు బ్రష్షు తీసి ముందుకు చాపాడు. "దులిపేద్దాం మాస్టారూ. ఇంకోసారి గీద్దురు గాని. నేను పట్టుకుంటాను" అన్నాడు, ఎవరికీ వినబడకుండా. ఎగతాళి లేదు వాడి గొంతులో. బతిమాలుతున్నాడు.

ఆ బ్రష్షు అందుకుని ఉంటే బట్ట దక్కేది. కోటు వాడైనా కోసేవాడు. మాస్టరు అందుకోలేదు. అందరూ చూస్తున్నారు. ఒక్కగీత మాస్టరు అందరి ముందూ గీత చెరుపుకోవాలా? ఆయన భుజం గీశాడు. చంక గుండ్రం గీశాడు. పక్క గీత ఆఖరున గీశాడు. వరస ఒక్కచోట తప్పలేదు. గీత ఒక్కటి కూడా గీతలా లేదు. కత్తెర పడితే చేతికి పాత దారి గుర్తొస్తుందనుకున్నాడు పిచ్చి మనిషి. పెద్ద కత్తెర పిడికిట బిగించి, ఎడమచెయ్యి సాయం పెట్టి, మొదలుపెట్టాడు. యజమాని "మాస్టారూ..." అన్నాడు. కత్తెర కరకర నడిచింది. చంక దగ్గర తిరగాల్సినచోట తిరగలేదు, లోపలికి, ఛాతీ మీదికి కొరుక్కుంటూ పోయింది.

కత్తెర బల్ల మీద పెట్టేశాడు. యజమాని తల పక్కకు తిప్పుకున్నాడు. గడియారాలాయన లేచి వచ్చి ముక్కను చేత్తో ఎత్తి చూశాడు. అతనికి అంతా అర్థమైంది. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, మడిచి, చంకన పెట్టుకున్నాడు.

"పోనీలెండి మాస్టారూ. పాతది ఉందిగా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. బట్ట మొహాన కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. అతను ఆ జారిన భుజంతో మెట్లెక్కి వెళ్ళిపోతుంటే మాస్టరు చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

"ఇవాళ్టికి ఇంటికెళ్ళండి మాస్టారూ" అన్నాడు యజమాని.

"రేపు రానా బాబూ?"

"నేనే కబురు చేస్తాను."

కాగితాల మాస్టరు ఆయన్ని ఇంటిదాకా దిగబెడతానన్నాడు. వద్దన్నాడు. కాలు ఈడ్చుకుంటూ ఒక్కడే నడిచి వచ్చాడు. దారిలో చెప్పుల షాపువాడు పలకరిస్తే వినిపించుకోలేదు.

ఇంట్లో కూతురు పనికి వెళ్ళలేదు. తల్లీ కూతురూ గుమ్మంలోనే ఉన్నారు. ఆయన్ని చూడగానే ఇద్దరికీ తెలిసిపోయింది. ఆయన మంచం మీద కూర్చుని ఫోను తెరిచాడు. పది అనే అక్షరం తీసి, అడ్డగీత కావాలనే మెలికలు తిప్పుతూ గీశాడు, వాన నీళ్ళలో కొట్టుకుపోయే వానపాములాగా. టింగుమంది. తిన్నటి గీత వచ్చింది. నక్క చప్పట్లు కొట్టింది.

ఆయన తల ఎత్తి కూతుర్ని చూశాడు. "ఇది అందరికీ ఇంతేనా?"

"అందరికీ ఇంతే నాన్నా" అంది కూతురు. ఏడుస్తోంది. "నీకు చెబుదామనే అనుకున్నాను..."

"దాని తప్పు కాదు, నేనే వద్దన్నాను" అంది భార్య. "దాన్నేమీ అనకండి."

మాస్టరు భార్య వైపు తిరిగాడు. కోపంగా అరుస్తాడనుకుంది ఆవిడ. ఆయన గొంతు పైకి లేవలేదు. "గడియారాలాయన బట్ట కోసి పాడుచేశానే" అన్నాడు. "మళ్ళీ దొరకదు అది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు." ఆ తర్వాత కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, పరాయి వస్తువును చూసినట్టు చూసుకున్నాడు.

"నువ్వు చెప్పు. వాళ్ళూ వీళ్ళూ కాదు, నువ్వు చెప్పు. రోజూ గుండీలు పెడుతున్నావుగా. ఇది వస్తుందా?"

ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుంది. వస్తుంది అన్న మాట అలవాటుగా పెదాల దాకా వచ్చింది, మింగేసింది.

"రాదండీ" అంది.

ఆయన తల ఊపాడు. పడిపోయిన తర్వాత ఆయన్ని మనిషిగా లెక్కచేసి ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే. దాని మీద ఆయనకు కోపం రాలేదు. ఆ ఒక్క మాట ముందురోజు సాయంత్రమే చెప్పనందుకు మాత్రం వచ్చింది, చాలా ఏళ్ళు పోలేదు. తర్వాత కూడా ఆవిడ రోజూ గుండీలు పెట్టేది, ఆయన పెట్టించుకునేవాడు. పెడుతున్నంతసేపూ ఆవిడ మొహం చూడకుండా గోడవైపు చూస్తూ నిలబడేవాడు.